గొలుసుకట్టు చెరువుల మ్యాపును పదిమంది కలిసి దిద్దాలంటే ఏ ఫైల్ ఫార్మాట్ మంచిది?

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చెరువుల మ్యాపును పదిమంది కలిసి తయారు చేస్తున్నారనుకోండి. ఒకరు కాలేజీ ల్యాబులో కూర్చుని ఉపగ్రహ చిత్రం మీద శిఖం (చెరువు నీరు పరుచుకునే నేల) హద్దు గీస్తారు. ఒకరు బండేసుకుని కట్ట మీదికి వెళ్లి తూము పనిచేస్తోందో లేదో ఫోన్‌లో రాసుకొస్తారు. ఇంకొకరు సర్వే నంబర్లు ఎక్కిస్తారు. నెల తిరిగేసరికి వాట్సాప్ గ్రూపులో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’ అని మూడు జిప్‌లు తిరుగుతుంటాయి. ఏది సరైనదో, మ్యాపులో మత్తడిని (నిండిన నీరు పొర్లిపోయే అలుగును) ఎవరు జరిపారో, ఎందుకు జరిపారో ఎవరూ చెప్పలేరు.

దీనికి మందు గిట్ (ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుంచుకునే సాఫ్ట్‌వేర్) అంటారు. అది సగమే నిజం. షేప్‌ఫైల్ అనే పాత మ్యాపు ఫార్మాట్‌ను తీసుకెళ్లి గిట్‌లో పడేస్తే పాత కాపీలు దాచుకున్నట్టే తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఎంపికకు ఒక్కటే కొలబద్ద పెట్టుకోండి: ఒక చెరువును మారిస్తే తేడాలో ఆ ఒక్క చెరువే కనబడాలి, ఏమీ మార్చకపోతే ఏమీ కనబడకూడదు. కింద చెప్పేదంతా ఈ షరతు నిలబెట్టడానికే.

1. ముందు లెక్క రాసుకోండి

సాఫ్ట్‌వేర్ ముట్టుకోక ముందే కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: మీ దగ్గర ఏముంది (తూములు, మత్తడుల్లాంటి బిందువులా, కాలువల్లాంటి గీతలా, శిఖం హద్దుల్లాంటి బహుభుజాలా, డ్రోన్ ఫోటోలా), ఎన్ని ఉన్నాయి, ఎంతమంది దిద్దుతారు, వాళ్లలో గిట్ వచ్చినవాళ్లు ఎందరు.

సంఖ్య ఎందుకంటే, రాష్ట్రం మొత్తం మీద చిన్నా పెద్దా చెరువులు, కుంటలు 46 వేలకు పైనే. ఒక్కో హద్దుకు 150 బిందువులు పడ్డాయనుకుందాం. ఆరు దశాంశ స్థానాలతో రాస్తే ఒక్కో బిందువు సుమారు 22 అక్షరాలు, అంటే చెరువుకు 3.3 కిలోబైట్లు. 46 వేల చెరువులకు 150 మెగాబైట్లు. గిట్ ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 50 మెగాబైట్లు దాటిన ఫైలుకు హెచ్చరిక ఇస్తుంది, 100 దాటితే తీసుకోనే తీసుకోదు. ఒక జిల్లా వరకైతే ఈ బాధ లేదు. మామూలు టెక్స్ట్ ఫైళ్లే హాయిగా సరిపోతాయి.

2. షేప్‌ఫైల్‌ను పక్కన పెట్టండి

ఆఫీసుల నుంచి వచ్చేది ఎక్కువగా షేప్‌ఫైలే కాబట్టి దాంట్లోనే కొనసాగుదామనిపిస్తుంది. వద్దు. పేరుకు ఒక ఫైలే గానీ, ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ అని కనీసం మూడు ముక్కలు. ప్రొజెక్షన్‌కు పీఆర్‌జే, అక్షరాల ఎన్‌కోడింగ్‌కు సీపీజీ అదనం. వాట్సాప్‌లో విడివిడిగా పంపినప్పుడు సీపీజీ జారిపోయిందంటే ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలు, పిచ్చి గుర్తులు అవుతాయి.

తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. కాలమ్ పేరుకు షేప్‌ఫైల్‌లో 10 బైట్లే చోటు. కంప్యూటర్‌లో అక్షరాలు రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. ‘చెరువు’ అన్న ఒక్క మాటే 18 బైట్లు! కాలమ్‌లో రాసే విలువకు గరిష్ఠం 254 బైట్లు, అంటే గుణింతాలతో కలిపి 84 గుర్తులు. ‘కట్ట మీద తుమ్మ చెట్లు, కుడి తూము పూడింది, మత్తడి దగ్గర గండి’ లాంటివి రెండు వాక్యాలు రాస్తే రిమార్కు మధ్యలోనే తెగిపోతుంది. ఖాళీగా వదిలిన అంకె కొన్ని సాఫ్ట్‌వేర్లలో సున్నాగా తెరుచుకుంటుంది. లోతు తెలియని చెరువు, లోతు లేని చెరువు అయిపోతుంది.

పైగా ఇది బైనరీ, అంటే చదవగలిగే టెక్స్ట్ కాదు. ‘ఫైలు మారింది’ అన్నంత వరకే గిట్ చెబుతుంది, ఏ చెరువు మారిందో చెప్పలేదు.

3. దాచే ఫార్మాట్ వేరు, దిద్దే ఫార్మాట్ వేరు

చాలామంది తడబడేది ఇక్కడే. రెండు పనులకూ ఒకే ఫైలు ఉండాలని పట్టుపడతారు.

దిద్దడానికి జియోప్యాకేజ్ బాగుంటుంది. 2014లో ఓజీసీ (మ్యాపు డేటా ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణంగా వచ్చింది, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంతా ఒకే ఫైలు. తెలుగుకు ఏ ఇబ్బందీ లేదు, కాలమ్ రకాలు నిలబడతాయి, క్యూజిస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో వేగంగా నడుస్తుంది. కానీ దాన్ని గిట్‌లో పెట్టకండి. క్యూజిస్‌లో ఊరికే తెరిచి మూసినా ఫైలు లోపల కొన్ని బైట్లు మారవచ్చు. ఎవరూ ఏమీ దిద్దకపోయినా గిట్ ‘మారింది’ అంటుంది. తెరిచి ఉన్నంతసేపు పక్కనే వాల్, ఎస్‌హెచ్‌ఎమ్ అన్న తోకలతో రెండు ఫైళ్లు పుడతాయి. తాజా మార్పులు కాసేపు ఆ వాల్ ఫైల్లోనే ఉంటాయి. క్యూజిస్ మూయకుండా జియోప్యాకేజ్‌ను మాత్రం కాపీ చేసి ఎవరికైనా పంపితే వాళ్లకు పాత మ్యాపు చేరొచ్చు.

దాచడానికి టెక్స్ట్ కావాలి. హద్దులు, గీతలు ఉంటే జియోజేసన్ (ఆకారాలను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్), ఒట్టి బిందువులూ వివరాల పట్టికలూ అయితే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక). ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో జియోప్యాకేజ్‌లో దిద్దుకుని, ఒకే పద్ధతిలో జియోజేసన్‌గా ఎగుమతి చేసి, దాన్నే కమిట్ చేస్తారు (గిట్ చరిత్రలో ఒక మార్పుగా నమోదు చేస్తారు). జియోప్యాకేజ్‌నూ దాని తోక ఫైళ్లనూ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాసేయండి.

టోపోజేసన్ ఫైలు చిన్నగా ఉంటుందని కొందరు అటు మొగ్గుతారు. వెబ్ పేజీలో చూపడానికి సరే, దాచడానికి పనికిరాదు. పక్కపక్క హద్దులను చాపాలుగా విడగొట్టి వాటికి వరుస నంబర్లు ఇస్తుంది కాబట్టి ఒక చాపం కొత్తగా చేరితే దాని తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. జియోపార్కే, ఫ్లాట్‌జియోబఫ్ అనే ఫార్మాట్లు కూడా చదివేవాళ్ల కోసమే, దిద్దేవాళ్ల కోసం కాదు.

4. జియోజేసన్‌కు నియమాలు బిగించండి

జియోజేసన్ అన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఒకే చెరువును పది రకాలుగా రాసేంత స్వేచ్ఛ అందులో ఉంది, ఆ స్వేచ్ఛే కొంప ముంచుతుంది. 2016 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 ప్రమాణాన్ని పట్టుకోండి. క్యూజిస్ ఎగుమతి విండోలో కిందికి వెళ్తే లేయర్ ఆప్షన్లలో ‘ఆర్‌ఎఫ్‌సీ 7946’ అని ఉంటుంది. మామూలుగా ‘నో’ అని ఉంటుంది, ‘ఎస్’ చేయండి. దాంతో అక్షాంశ రేఖాంశాలు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లోకి వస్తాయి, హద్దు తిరిగే దిశ కూడా ఒకే తీరులో పడుతుంది.

అక్కడే ‘కోఆర్డినేట్ ప్రెసిషన్’ 15 అని ఉంటుంది. దాన్ని 6 చేయండి. మన అక్షాంశంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు, కాబట్టి ఆరో దశాంశ స్థానం అంటే పది పదకొండు సెంటీమీటర్లు. ఫోన్ జీపీఎస్ చాలాసార్లు మీటర్లలో తప్పుతుంది. చెరువు అంచు వానాకాలంలో ఒకచోట, ఎండాకాలంలో మరోచోట ఉంటుంది. 15 స్థానాలు రాయడం వల్ల కచ్చితత్వం పెరగదు, ఫైలు దాదాపు రెట్టింపవుతుంది. అంతకంటే ముఖ్యం, ఒకరు 15తో, ఒకరు 7తో ఎగుమతి చేస్తే ముట్టుకోని చెరువులతో సహా ప్రతి లైనూ మారినట్టు కనబడుతుంది.

వరుసలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. వరంగల్ అయితే 79.6, 18.0. ఫోన్ యాప్‌లు చాలావరకు దీన్ని తిరగేసి చూపిస్తాయి. చూసి చేత్తో ఎక్కించేటప్పుడు తారుమారైతే మీ చెరువు ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. అంత దూరం పోయిన చెరువు కనీసం తొందరగా దొరుకుతుంది. యూటీఎంలో (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలో) ఉన్నదాన్ని అలాగే ఎగుమతి చేస్తే మూడున్నర లక్షలు, ఇరవై లక్షలకు కాస్త తక్కువ అన్నట్టు అంకెలు కనబడతాయి. అవి మీటర్లు, డిగ్రీలు కావు.

ఇక లైన్ల సంగతి. క్యూజిస్ వెనక నడిచే జీడాల్ ఒక్కో చెరువును ఒక్కో లైనులో రాస్తుంది. గిట్ తేడా చూపేది లైన్ల లెక్కన కాబట్టి మనకు కావలసింది సరిగ్గా అదే. ఈ ఏర్పాటును చెడగొట్టేవి మూడు. మొదటిది, సేవ్ నొక్కగానే ఫైలును ‘అందంగా’ సర్దే ఎడిటర్. ఒక్కో అంకెనూ ఒక్కో లైనులో పేర్చి వంద చెరువుల ఫైలును వేల లైన్లు చేస్తుంది. జియోజేసన్‌కు ఆ సౌకర్యం ఆపేయండి. రెండోది, ఎగుమతి చేసేటప్పుడు ఫైలు పేరు. జియోజేసన్ తల భాగంలో లేయర్ పేరు రాసుంటుంది, మీరు వేరే పేరుతో ఎగుమతి చేసి తర్వాత పేరు మార్చినా ఆ లైను మారిపోతుంది. మూడోది వరుస. ఐడీ ప్రకారం ఎప్పుడూ ఒకే క్రమంలో ఉండాలి. క్యూజిస్ ప్రాసెసింగ్ టూల్స్‌లో ‘ఆర్డర్ బై ఎక్స్‌ప్రెషన్’తో క్రమం పెట్టి ఆ తర్వాత ఎగుమతి చేయండి.

ఇన్ని మీటలు పదిమందీ ప్రతిసారీ గుర్తుపెట్టుకుని నొక్కుతారనుకోవడం అత్యాశ. జీడాల్‌తో పాటు వచ్చే, ఫార్మాట్లు మార్చే ఓజీఆర్2ఓజీఆర్‌తో చిన్న స్క్రిప్టు రాయించి, దాన్ని రిపోలోనే (గిట్ చూసుకునే ఫోల్డర్‌లోనే) పెట్టి, ఎగుమతి దాని ద్వారానే జరగాలని పట్టుబట్టండి. అందరూ క్యూజిస్ ఎల్‌టీఆర్‌లో (ఎక్కువకాలం మద్దతు ఉండే విడుదలలో) ఒకే వెర్షన్ వాడాలి. వెర్షన్ మార్చిన రోజు దిద్దుబాట్లేమీ లేకుండా ఉత్త ఎగుమతిని ఒక కమిట్‌గా వేయండి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

5. ఐడీ, కాలమ్‌లు, అక్షరాలు

ప్రతి చెరువుకూ మీరే ఇచ్చిన ఐడీ ఉండాలి. జియోప్యాకేజ్ తనంతట తాను పెట్టే ‘ఎఫ్‌ఐడీ’ని నమ్ముకోకండి. కాపీ చేసినప్పుడో ఎగుమతి చేసినప్పుడో అది మారిపోవచ్చు. ఎగుమతి కాలమ్‌ల జాబితాలో దాని టిక్కు తీసేయండి. ఐడీ అంకెతో కాకుండా అక్షరంతో మొదలవ్వాలి, లేకపోతే ఎక్సెల్ 0042ని 42 చేస్తుంది. ఇద్దరు ఒకేరోజు ‘తర్వాతి నంబర్’ తీసుకుని గుద్దుకోకుండా ఒక్కొక్కరికి వెయ్యి నంబర్ల చొప్పున ముందే పంచేయండి. కుంట పూడిపోయి మ్యాపులోంచి తీసేసినా దాని నంబరు మరొకదానికి ఇవ్వకూడదు.

జిల్లా పేరు, మండలం పేరు చెరువు లైనులో రాయకండి. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. ఆ పేర్లు చెరువు లైన్లలో ఉండుంటే ఒక్క చెరువూ కదలకుండానే ఫైలంతా మారిపోయేది. హనుమకొండ, హన్మకొండ, హనంకొండ అన్న స్పెల్లింగుల గొడవ దీనికి అదనం. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇచ్చే గ్రామ కోడ్ ఒక్కటే ఉంచి, కోడ్‌కు మండలం, జిల్లా ఏవో విడిగా ఒక సీఎస్‌వీలో పెట్టుకోండి. మార్పు ఆ పట్టికతోనే ఆగిపోతుంది.

విస్తీర్ణం కూడా అంతే. లెక్కగట్టి రాబట్టగలిగేదాన్ని దాచొద్దు. ఒకరు ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రని ఆకారం) మీద, ఒకరు చదునుగా లెక్కిస్తే అంకెలు వేరుగా వస్తాయి, డిఫ్ (గిట్ చూపే తేడాల జాబితా) నిండా అవే. కావలసినప్పుడు ఈపీఎస్‌జీ 32644, అంటే యూటీఎం 44 ఉత్తర జోన్‌లో కొలవండి. ఎకరం 4046.86 చదరపు మీటర్లు, గుంట అందులో నలభయ్యో వంతు. పని బోధన్ వైపు పాకితే జాగ్రత్త. 78 డిగ్రీల రేఖాంశం నిజామాబాద్‌కు, బోధన్‌కు నడుమ పోతుంది. బోధన్ 43వ జోన్‌లో పడుతుంది కాబట్టి అక్కడ 32643 వాడాలి.

కాలమ్ పేర్లు, ఫైల్ పేర్లు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు పేరున్న ఫైలును గిట్ మామూలు సెట్టింగులో వెనక్కి వాలిన గీతలూ అంకెలుగా చూపిస్తుంది. లోపలి విలువలు తెలుగులో ఉండవచ్చు, ఉండాలి కూడా. అయితే కంటికి కనబడని తేడాలు రెండు ఉన్నాయి. ‘షేప్‌ఫైల్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి వేసే జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును ఒక కీబోర్డు వేస్తుంది, ఇంకొకటి వేయదు. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చీ రాయొచ్చు. చూపుకు ఒకటే, గిట్‌కు వేరు. ఎగుమతి స్క్రిప్టులోనే ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి జంట రూపాలను ఒకటిగా చేసే యూనికోడ్) పద్ధతికి మార్చే లైను చేర్చండి. ఐత్వం తేడా దాంతో పోతుంది, నాన్ జాయినర్ తేడా పోదు, దాన్ని విడిగా సరిచేయాలి. ‘మత్తడి’, ‘అలుగు’, ‘పనిచేస్తోంది’, ‘పనిచేస్తుంది’ లాంటివి చేతిరాతకు వదలకుండా క్యూజిస్‌లో ‘వాల్యూ మ్యాప్’ పెట్టి జాబితాలోంచి ఎంచుకునేలా చేయండి.

6. ఆకారం ఒక ఫైల్లో, వివరాలు ఇంకో ఫైల్లో

గిట్ లైను లెక్కన కలుపుతుందని చెప్పుకున్నాం. ల్యాబులో ఒకరు ఒక చెరువు హద్దు సరిచేశారు. అదే రోజు కట్ట మీదున్న వ్యక్తి అదే చెరువుకు ‘ఎడమ తూము పూడింది’ అని రాశారు. ఇద్దరూ ముట్టింది ఒకే లైను కాబట్టి కాన్‌ఫ్లిక్ట్ (ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేని చిక్కు) తప్పదు, నిజానికి వాళ్ల పనులకు తగాదా లేకపోయినా.

అందుకని జియోజేసన్‌లో ఐడీ, ఆకారం మాత్రమే ఉంచండి. పేరు, గ్రామ కోడ్, తూముల స్థితి, సర్వే నంబర్లు, చూసిన తేదీ, రిమార్కులు ఐడీ ఆధారంగా సీఎస్‌వీల్లోకి పోవాలి. తూములు చెరువుకు ఒకటికి మించి ఉంటాయి కాబట్టి వాటికి విడి పట్టిక. క్యూజిస్‌లో ‘జాయిన్’ చేస్తే తెర మీద అంతా ఒక్కటిగానే కనబడుతుంది. ఇది మొదట చాదస్తంలా అనిపిస్తుంది, కాన్‌ఫ్లిక్ట్‌లు తగ్గించడంలో మాత్రం దీనికి సాటి వచ్చే చిట్కా ఇంకోటి లేదు.

సీఎస్‌వీకి పెద్ద శత్రువు ఎక్సెల్. సర్వే నంబరు 12/3 అని కొడితే అది తేదీగా మారిపోతుంది, సేవ్ చేశాక తిరిగి రాదు. నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే యూటీఎఫ్-8 తెలుగు గజిబిజిగా కూడా రావచ్చు. లిబ్రేఆఫీస్‌లో తెరిచి, దిగుమతి విండోలో యూటీఎఫ్-8 ఎంచుకుని, కాలమ్‌లన్నిటినీ ‘టెక్స్ట్’ చేసి తెరవమనండి. లేదా క్యూజిస్‌లోనే దిద్దమనండి.

7. ఫైళ్లను దేని ప్రకారం విడగొట్టాలి?

మండలానికో ఫైలు అని వెంటనే తోస్తుంది. కానీ మండలాలే ముక్కలవుతుంటాయి. అప్పుడు చెరువులు ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు మారాలి, వాటి చరిత్ర తెగిపోతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ నంబర్ల ప్రకారం విడగొట్టడం మేలు, ఆ గళ్లు ఏ జీవోతోనూ మారవు. 18 డిగ్రీల అక్షాంశం వరంగల్‌కు, హనుమకొండకు మధ్యగా పోతుంది కాబట్టి కోట 56 ఓ షీటులో, వేయిస్తంభాల గుడి 56 ఎన్ షీటులో పడతాయి. రామప్ప చెరువు 56 ఎన్‌లోనే ఉంటుంది. లక్నవరం 80 డిగ్రీలు దాటుతుంది కాబట్టి 65 బీ. డిగ్రీ గడి మరీ పెద్దదనిపిస్తే అందులో పదహారో వంతైన 1:50,000 షీటుకో ఫైలు పెట్టండి. గీత మీద పడ్డ చెరువును కట్ట మధ్య బిందువు ఎటుంటే అటు వేయాలని ఒక నియమం రాసుకుంటే సరి.

ఫోన్‌లోంచి వచ్చిన జీపీఎక్స్ ట్రాకులను ఒక ఫోల్డర్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, ఎన్నడూ దిద్దొద్దు. డ్రోన్ ఫోటోలు గిట్‌లో వద్దు. వేరేచోట పెట్టి, లింకు, తీసిన తేదీ, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే కోడ్) రిపోలో రాయండి. ఇంకో ముఖ్యమైన మాట: రిపో ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లాంటి సింక్ ఫోల్డర్ లోపల పెట్టకండి. గిట్ తన లోపలి ఫైళ్లు రాసుకుంటుంటే సింక్ మధ్యలో వేలు పెట్టి పాడుచేస్తుంది.

విండోస్, లినక్స్ కలిసి ఉంటే లైను చివరి గుర్తులు వేరువేరుగా పడతాయి. గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో జియోజేసన్, సీఎస్‌వీలకు ఎల్‌ఎఫ్ (లినక్స్ వాడే గుర్తు) అని ఖాయం చేయండి. అదే చోట ‘యూనియన్’ మెర్జ్ (మార్పులను కలిపే ఒక పద్ధతి) పెట్టుకోమని సలహాలు వినబడతాయి, పెట్టొద్దు. రెండు వైపుల లైన్లూ ఉంచేసుకుని ఒకే ఐడీతో రెండు చెరువులు మిగులుస్తుంది.

8. ఎక్కించే ముందు పరీక్ష

20 చెరువులతో చేసి చూడండి. ఎగుమతి చేసి కమిట్ చేయండి. ఏమీ దిద్దకుండా మళ్లీ ఎగుమతి చేయండి. గిట్ డిఫ్ ఖాళీగా రావాలి. ఒక్క చెరువులో ఒక్క బిందువు జరిపి ఎగుమతి చేయండి. ఒకే లైను మారినట్టు రావాలి. ఇదే ఇంకొకరి కంప్యూటర్‌లో చేయించండి. అన్ని లైన్లూ మారితే దశాంశాలో లైను చివరి గుర్తులో కారణం, వరుస తప్పితే క్రమం పెట్టడం మరిచారు, మొదటి లైన్లు మాత్రమే మారితే లేయర్ పేరు. ఇది ఖాళీగా వచ్చేదాకా అసలు డేటా ఎక్కించకండి.

9. రోజువారీ పని

పొద్దున పుల్ చేయండి, అంటే మిగతావాళ్ల తాజా మార్పులు దించుకోండి. జియోజేసన్ నుంచి తాజా జియోప్యాకేజ్ తయారు చేసుకోండి. నిన్నటి జియోప్యాకేజ్‌లోనే కొనసాగితే, రాత్రి ఇంకొకరు పంపిన మార్పులు మీ ఎగుమతిలో చప్పుడు లేకుండా చెరిగిపోతాయి. గిట్ దాన్ని తప్పుగా గుర్తించదు, మీరు కావాలనే తీసేశారనుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే, అందుకే పుల్‌నూ మార్పిడినీ ఒకే స్క్రిప్టులో కట్టేయండి.

దిద్దాక ఎగుమతి చేసి, కమిట్‌కు ముందు డిఫ్ చూడండి. మూడు చెరువులు దిద్దితే మూడే లైన్లు ఉండాలి. పొడుగు లైనులో ఏం మారిందో తెలియకపోతే ‘వర్డ్ డిఫ్’ ఆప్షన్ వాడండి. కమిట్ సందేశంలో ఆధారం రాయండి: ‘ఫలానా చెరువు మత్తడి ఉత్తరానికి జరిపాం, కట్ట మీద జీపీఎస్‌తో చూసింది’ అని. ‘అప్‌డేట్’ అని రాస్తే ఆర్నెల్ల తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాదు.

పుష్ అయ్యాక (మీ మార్పులు పైకి పంపాక) ఆటోమేటిక్‌గా నడిచే తనిఖీ పెట్టండి: ఐడీలు రెండుసార్లు లేవు కదా, రేఖాంశం 77 నుంచి 81.5, అక్షాంశం 15.8 నుంచి 20 లోపలే ఉందా, హద్దు తనను తాను కోసుకోవడం లేదు కదా, ఫైలు సరైన జేసనేనా. ఈ నాలుగూ చూస్తే మామూలుగా జరిగే తప్పుల్లో చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఇద్దరి లైన్లూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. అందులో బిందువులను చేత్తో అతికించే సాహసం చేయకండి. ఒక లైను మొత్తం ఉంచండి, రెండోది తీసేయండి, మిగిలిన దిద్దుబాటు క్యూజిస్‌లో మళ్లీ చేయండి. ఫైలు చివర కామా కూడా చూసుకోవాలి. జియోజేసన్‌లో ఆఖరి చెరువు తర్వాత కామా ఉండకూడదు, మిగతా అన్నిటికీ ఉండాలి. ఈ కామా తలనొప్పి వద్దనుకుంటే లైనుకో ఫీచర్ ఉండే జియోజేసన్ లైన్స్ వాడొచ్చు, క్యూజిస్ తెరుస్తుంది. కాకపోతే గిట్‌హబ్ మామూలు జియోజేసన్‌ను మ్యాపుగా చూపించే సౌకర్యం పోతుంది.

10. ఇది చాలనప్పుడు

వేల కొద్దీ బహుభుజాలు, డజన్ల కాలమ్‌లు, రోజూ వందల మార్పులు అయితే టెక్స్ట్ ఫైళ్లతో ఈదలేరు. అప్పుడు కార్ట్ చూడండి. గిట్ మీదే కట్టిన ఓపెన్ సోర్స్ పనిముట్టు, క్యూజిస్‌కు ప్లగిన్ కూడా ఉంది. పట్టికలోని ఒక్కో వరుసనూ విడి వస్తువుగా దాస్తుంది. మీరు మాత్రం జియోప్యాకేజ్‌లోనో పోస్ట్‌జిస్ డేటాబేస్‌లోనో దిద్దుకుంటారు, ఎగుమతి గొడవే ఉండదు. ‘కార్ట్ డిఫ్’ను హెచ్‌టీఎమ్‌ఎల్‌గా తీస్తే పాత హద్దు, కొత్త హద్దు మ్యాపు మీదే కనబడతాయి. రెండు జాగ్రత్తలు: కార్ట్ ఇచ్చిన జియోప్యాకేజ్‌లోనే దిద్దాలి, దాని స్థానంలో ఇంకో ఫైలు తెచ్చి పెడితే లోపల మార్పులు గమనించే ట్రిగ్గర్లు పోతాయి. రిపోను గిట్‌హబ్‌లో పెట్టొచ్చు గానీ, కార్ట్ లేనివాళ్లకు అక్కడ అర్థం కాని ఫోల్డర్లే కనబడతాయి.

బృందంలో గిట్ వచ్చినవాళ్లు ఒకరిద్దరే అయి, మిగతావాళ్లు ఫోన్లతో కట్టల మీద తిరిగేవాళ్లయితే, అందరికీ గిట్ నేర్పాలని కూర్చోకండి. మెర్జిన్ మ్యాప్స్ అనే యాప్ జియోప్యాకేజ్‌లో మారిన వరుసలను మాత్రమే పట్టుకుని కలుపుతుంది, పాత వెర్షన్లు దాస్తుంది. ఫోన్‌లో క్యూఫీల్డ్ కూడా బాగా నడుస్తుంది. వారానికోసారి ఆ జియోప్యాకేజ్‌ను మీ స్క్రిప్టుతో జియోజేసన్ చేసి రిపోలో వేసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

11. బయటికి ఇచ్చేటప్పుడు

ఎప్పటికప్పుడు ఒక ట్యాగ్ (రిపో అప్పటి స్థితికి పెట్టే పేరు) వేసి, ఆ ట్యాగ్ నుంచే షేప్‌ఫైల్ జిప్, కేఎమ్‌ఎల్, జియోప్యాకేజ్ తీసి ఇవ్వండి. వాటిని రిపోలో దాచనక్కర్లేదు, ఎప్పుడైనా పుట్టించుకోవచ్చు. షేప్‌ఫైల్‌కు పది బైట్లలో సరిపడే పొట్టి కాలమ్ పేర్లు ముందే నిర్ణయించి ఒక పట్టికగా జిప్‌లో పెట్టండి, సీపీజీ ఉందో లేదో చూడండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి హద్దులు తెచ్చుకుని ఉంటే ఓడీబీఎల్ లైసెన్సు మీ డేటాకూ వర్తిస్తుంది, ఆ సంగతి రీడ్‌మీలో రాయాలి.

అలా ఇచ్చిన షేప్‌ఫైల్‌ను ఎవరో దిద్ది తిరిగి పంపుతారు, తప్పకుండా పంపుతారు. దాన్ని నేరుగా ఎక్కించకండి. అది ఏ ట్యాగ్ నుంచి తీసిందో అడగండి, ఆ ట్యాగ్ మీద ఒక బ్రాంచ్ (విడి శాఖ) తెరవండి, ఐడీ పట్టుకుని ఆకారాలు మాత్రమే తీసుకుని అదే స్క్రిప్టుతో ఎగుమతి చేయండి. తెగిపోయిన తెలుగు రిమార్కులు వెనక్కి రాకుండా ఉంటాయి, వాళ్లు నిజంగా దిద్దిన చెరువులే డిఫ్‌లో మిగులుతాయి.